కొచ్చిలో అత్తమ్మ ఏమి తింటారు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను ప్రైవేటు పాఠశాలలో టీచర్‌ని. మావారికి ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలనూ అత్తమ్మనూ తీసుకుని, సముద్రం ఉన్న పాత నగరం ఏదైనా చూసి రావాలని ఉంది. నాకు చరిత్ర ఇష్టం, పిల్లలకు అలలు కావాలి. కొచ్చి అనుకుంటున్నాం. అత్తమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బయట మాంసం ముట్టరు, ఐదు పూటల నమాజు తప్పరు. 'మీరు వెళ్లి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను' అంటున్నారు. మావారేమో 'హలాల్ బోర్డు చూసుకుని తింటే సరిపోతుంది, ఇంత ఆలోచన దేనికి' అంటున్నారు. ఆమెను వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు. తిండి, నమాజు, బస మాలాంటి వాళ్లకు అక్కడ ఎలా కుదురుతాయి? నాలుగైదు రోజులు ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు:

చెల్లెమ్మా, మీవారి మాటతోనే మొదలుపెడతాను. హోటల్ గోడ మీద హలాల్ అని రాసి ఉంటే అది ప్రభుత్వం వేసిన ముద్ర కాదు, యజమాని ఇచ్చిన మాట. ఆ మాటను నమ్మవచ్చా లేదా అన్నది ఊరిని బట్టి, వీధిని బట్టి ఉంటుంది. కొచ్చిలో నమ్మదగిన వీధులకు కొదవ లేదు కాబట్టి జిబా చేసిన (ఇస్లాం పద్ధతిలో కోసిన) మాంసం దొరకడం మీకు సమస్యే కాదు. మీ అత్తమ్మను ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. అప్పం పిండి దేనితో పులిసింది, పళ్లెంలో ఉన్నది చేపేనా, అసర్ (సాయంత్రపు నమాజు) అజాన్ అంత తొందరగా ఎందుకు వినిపిస్తోంది, ఇలాంటివి ఏ బోర్డు మీదా రాసి ఉండవు. వీటిలో సగం చిక్కులు గది ఎక్కడ తీసుకున్నారన్న దానితోనే తీరిపోతాయి. అందుకే బస గురించి ముందు చెబుతాను.

కొచ్చి అని మనం ఒక్క పేరుతో పిలుస్తాం కానీ, అక్కడ నీటికి అటూ ఇటూ రెండు ఊళ్లున్నాయి. రైలు దిగేది ఎర్నాకుళంలో. పెద్ద దుకాణాలు, ఆఫీసులు, మెట్రో రైలు, ట్రాఫిక్ అన్నీ అక్కడే. పాత నగరం మాత్రం నీటికి అవతల, ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి అనే రెండు పేటలుగా ఉంటుంది. ఎర్నాకుళంలో గది తీసుకుని, పొద్దున అవతలికి వెళ్లి సాయంత్రం తిరిగి రావచ్చని చాలామంది లెక్క వేస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం గదికి వచ్చి, వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) చేసుకుని, జుహర్ (మధ్యాహ్నపు నమాజు) చదువుకుని, ఒక గంట నడుం వాల్చే వీలుంటేనే ఆమె సాయంత్రం మళ్లీ గడప దాటుతారు. కాబట్టి గది ఫోర్ట్ కొచ్చికీ మట్టాంచేరికీ మధ్యలో చూసుకోండి. ఎర్నాకుళంలో పని పడితే ప్రభుత్వ పడవలున్నాయి, 2023లో మొదలైన వాటర్ మెట్రో ఉంది. కొద్ది రూపాయలతో అయిపోయే ఈ పడవ ప్రయాణం పిల్లలకు మ్యూజియంల కన్నా ఎక్కువ నచ్చుతుందని ముందే చెబుతున్నాను, నొచ్చుకోకండి.

మట్టాంచేరి మీ అత్తమ్మకు నచ్చుతుందని నా నమ్మకం. 1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదతో ఉత్తరాన ఉన్న ముజిరిస్ రేవు పూడిపోయిందనీ, కొచ్చి దగ్గర కొత్త రేవు తెరుచుకుందనీ చరిత్రకారులు చెబుతారు. ఆ తర్వాత మిరియాల కోసం వచ్చిన వాళ్లలో చాలామంది తిరిగి పోలేదు. మలయాళీ ముస్లింలు, తమిళ మూలాలున్న నైనాలు, గుజరాత్‌లోని కచ్ నుంచి వచ్చిన మేమన్లు, కొంకణీలు, జైనులు, యూదులు అందరూ ఆ ఇరుకు వీధుల్లోనే పక్కపక్కన బతికారు. వాళ్లలో దక్కనీ మాట్లాడే ముస్లిం కుటుంబాలు కూడా ఉన్నాయి. మన నల్లగొండ ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడుకునే ఉర్దూకు అది దగ్గరిది. మలయాళం రాక అత్తమ్మ మూగనోము పట్టాల్సి వస్తుందన్న భయం పెట్టుకోకండి. ఆమె తీరు చూస్తే, రెండో రోజుకే ఏ సుగంధ ద్రవ్యాల దుకాణంలోనో స్టూలు వేయించుకుని కూర్చుంటారేమో.

ఆ వైపు పెద్ద హోటళ్ల కన్నా హోమ్‌స్టేలు ఎక్కువ. ఇంటి యజమానులు కొన్ని గదులు అతిథులకు ఇస్తారు. బారు ఉన్న హోటల్ కన్నా మీకు ఇదే మేలు. అయితే డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి మాట్లాడండి. గది కింది అంతస్తులోనే ఉందా అని అడగండి. ఇంట్లో కుక్క తిరుగుతుందా అనీ అడగండి, నమాజు బట్టలకు దాని నోటి తడి తగులుతుందేమోనని అత్తమ్మ రోజంతా ముడుచుకుని కూర్చుంటే ఎవరికీ సుఖం ఉండదు. అక్కడి హోమ్‌స్టేలు చాలావరకు క్రైస్తవ కుటుంబాలవి. వాళ్ల వంటింట్లో పంది మాంసం వండే అలవాటు ఉండవచ్చు. అవే గిన్నెల్లో మీకు గుడ్డు వేపుడు చేస్తారా అన్నది మర్యాదగా అడిగి తెలుసుకోవాల్సిన విషయం. మొహమాటం వద్దు. జైన అతిథులు ఉల్లిపాయ గురించి ఇంతకన్నా గట్టిగా అడుగుతారు, వాళ్లకు అలవాటే. వంటింటి స్టవ్వు ఒక పూట వాడుకోనిస్తారా అని కూడా కనుక్కోండి. ఇస్తామంటే ఇంటి నుంచి చిన్న కుక్కరు, ఒక గంటె, ఒక కత్తి తీసుకెళ్లండి. మట్టాంచేరిలో కోడి కొనుక్కుని మీ చేత్తోనే వండితే 'బయట మాంసం' అన్న మాటే రాదు.

ఇక హోటల్ తిండి. మట్టాంచేరిలో 1948 నుంచి నడుస్తున్న రహమతుల్లా హోటల్ ఉంది, ఊరంతా దాన్ని కాయీస్ అంటారు. అక్కడి మటన్ బిర్యానీ కోసం ఎర్నాకుళం నుంచి కూడా వస్తారు. మధ్యాహ్నం నమాజు తర్వాత తీరిగ్గా వెళ్దామనుకుంటే గిన్నె అడుగు కనిపిస్తుంది, కాస్త ముందే వెళ్లండి. అది మన బిర్యానీ కాదని మాత్రం ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. బాస్మతి ఉండదు. కైమా అనే పొట్టి, సన్నని బియ్యం వాడతారు. కారం తక్కువ, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ ఎక్కువ. పక్కన మిర్చీ కా సాలన్ రాదు, ఖర్జూరం పచ్చడో కొబ్బరి పచ్చడో వస్తుంది. మిర్యాలగూడ నాలుకకు మొదటి ముద్ద చప్పగానే ఉంటుంది, మూడో ముద్దకు అర్థమవుతుంది. కూరల్లో కొబ్బరినూనె వాసన మాత్రం అత్తమ్మకు పట్టకపోవచ్చు. మామిడికాయ తొక్కు సీసా ఒకటి సంచిలో పెట్టుకోండి. పిల్లలకు కుళిమంది అనే అరబ్బు తీరు కోడి-అన్నం ఎక్కడ చూసినా దొరుకుతుంది, మన జిల్లాలోనూ మంది హోటళ్లు వచ్చేశాయి కనుక వాళ్లకు అది కొత్త కాదు.

ముస్లింలు నడిపే చోట్ల ఇంత విచారణ అవసరం లేదు. మిగతా చోట్ల 'హలాల్ ఆణో?' అని అడగండి, అది మలయాళం, సూటిగా జవాబు చెబుతారు. కేరళలో మాంసం చాలావరకు ముస్లిం కసాయిల దగ్గరే కొంటారు కాబట్టి ఫరవాలేదని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. నిజమే కావచ్చు. కానీ 'చాలావరకు' అన్న మాట మీ అత్తమ్మకు చాలదు, చాలాలని మనం పట్టుబట్టనూ కూడదు. అలాంటి చోట ఆమెకు పుట్టు-శనగల కూర, దోసె, చేపల పులుసు చెప్పండి.

అప్పం సంగతి విడిగా చెప్పాలి. అంచులు పల్చగా, నడుమ మెత్తగా ఉండే పాలప్పాన్ని పాత పద్ధతిలో కల్లుతో పులియబెడతారు. ఇప్పుడు హోటళ్లలో ఎక్కువగా ఈస్టు వాడుతున్నారు, అయినా కొన్ని ఇళ్లలో, కొన్ని పేరున్న హోటళ్లలో కల్లు పోయడమే గొప్పగా చెప్పుకుంటారు. కాబట్టి అప్పం చెప్పే ముందు పిండిలో కల్లు పోశారా అని అడగండి. ఈ మాట మన దగ్గర ఎలాగో అక్కడా అలాగే అర్థమవుతుంది. కల్లు దుకాణాల్లో వండే చేపల కూర ఎంతో బాగుంటుందని ఆటో డ్రైవర్లు ఊరిస్తారు. కొన్ని చోట్ల కుటుంబాలకు వేరే గదులు కూడా ఉంటాయి. కూర బాగుంటుందన్నది అబద్ధం కాదు, మీకు మాత్రం వద్దు. జనవరి కాబట్టి బేకరీల్లో క్రిస్మస్ ప్లమ్ కేకులు ఇంకా అమ్ముతుంటారు. వాటిలో ఎండు పండ్లను రమ్ములో నానబెట్టే ఆనవాయితీ ఉంది. పిల్లలు అడిగితే కొనే ముందు కనుక్కోండి.

సముద్రపు తిండి దగ్గర మీరు ఊహించని మడతపేచీ ఒకటి ఉంది. మలబారు తీరపు ముస్లింలలో ఎక్కువమంది షాఫయీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వాళ్లు. మన వైపు దాదాపు అందరం హనఫీలం. షాఫయీ పద్ధతిలో సముద్రంలో బతికేవన్నీ దాదాపుగా హలాలే, కాబట్టి పక్కా ముస్లిం హోటల్లో కూడా పీత, కూంతల్ అనే స్క్విడ్, కల్లుమ్మక్కాయ అనే ఆల్చిప్ప మాంసం నిక్షేపంగా వడ్డిస్తారు. హనఫీ పద్ధతిలో నీటి జీవుల్లో చేప తప్ప మిగతావి తినకూడదు. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్నది పాత వివాదం. హైదరాబాద్‌లోని ఇస్లాం విద్యాసంస్థ జామియా నిజామియా నుంచి రొయ్యలు వద్దంటూ వచ్చిన ఫత్వా 2018 జనవరిలో వార్తల్లోకెక్కింది. మరికొందరు ఉలమా (మత పండితులు) తినవచ్చంటారు. మీ ఇంట్లో రొయ్యల కూర వండుతారో లేదో నాకు తెలియదు. ఇంట్లో ఏది నడుస్తుందో అదే అక్కడా నడిపించండి, అనుమానముంటే బయలుదేరే ముందే మీ మసీదు ఇమాం సాబ్‌ను అడగండి. హోటల్లో బల్ల ముందు కూర్చుని ఫిఖ్ (ధర్మశాస్త్ర) చర్చ పెట్టుకుంటే అన్నం చల్లారిపోతుంది. బోర్డు మీద హలాల్ అని ఉన్నా ఆ పళ్లెం మీ అత్తమ్మకు తగకపోవచ్చునన్న సంగతి మీవారికి చెప్పాల్సింది ఇక్కడే. చేపల్లో ఆమెకు కావలసినన్ని ఉన్నాయి. కరిమీన్ అరటాకులో చుట్టి కాల్చింది ఒకసారి తినిపించండి. ముళ్లు ఎక్కువ, పిల్లలకు మీరే తీసి పెట్టాలి.

నమాజు విషయం అత్తమ్మకు మీకన్నా బాగా తెలిసే ఉంటుంది. అయినా కొత్త చోట తికమక పడకుండా కొన్ని చెబుతాను. మీ ఊరి పొలిమేర దాటగానే మీరు ముసాఫిర్లు, అంటే ప్రయాణికులు. హనఫీ లెక్కలో సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణమై, చేరిన చోట 15 రోజుల కన్నా తక్కువ ఉండే ఉద్దేశమైతే జుహర్, అసర్, ఇషా (రాత్రి నమాజు) ఫర్జులు, అంటే తప్పనిసరివి, నాలుగు రకాతులకు బదులు రెండే. ఫజర్ (తెల్లవారుజామువి), మగ్రిబ్ (సూర్యాస్తమయం తర్వాతివి) మామూలే. స్థానిక ఇమాం వెనుక జమాతులో నిలబడితే మాత్రం ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేయాలి. ఇది మీవారికి, అబ్బాయి ఉంటే అతనికి గుర్తు చేయండి.

అసర్ అజాన్ అక్కడ హనఫీ వేళకన్నా దాదాపు గంట ముందు వినిపిస్తుంది, అది కూడా మజ్‌హబ్ తేడాయే. హనఫీ వేళ కోసం ఆగే అత్తమ్మ, అజాన్ విని కంగారుపడి మిమ్మల్ని గదికి పరుగెత్తించాల్సిన పని లేదు. మగ్రిబ్ మాత్రం మిర్యాలగూడ కన్నా 20 నిమిషాలు, ఇంకాస్త ఎక్కువే, ఆలస్యం. అక్కడి మసీదులో ఫజర్ రెండో రకాతులో ఇమాం చేతులెత్తి దువా చేస్తే పిల్లలు గుడ్లప్పగించి చూస్తారు, ముందే చెప్పి ఉంచండి. అలవాటైన పద్ధతే కావాలంటే కచ్ఛీ మేమన్లు హనఫీలు, మట్టాంచేరిలో వాళ్ల మసీదు ఎక్కడో అడిగితే చూపిస్తారు. ఆడవాళ్లకు మసీదులో చోటు గురించి ఆశ పెట్టుకోకండి. కేరళలో ముజాహిద్, జమాతే ఇస్లామీ అనే సంస్కరణవాద సంస్థల మసీదుల్లో స్త్రీలకు విడి ద్వారం, విడి స్థలం ఉంటాయి. సంప్రదాయ సున్నీ మసీదుల్లో సాధారణంగా ఉండవు. గది దగ్గరగా తీసుకోమన్నది ఇందుకు కూడా.

ఒక్క హెచ్చరిక. ఫోర్ట్ కొచ్చి ఒడ్డున సూర్యాస్తమయం చూసి అక్కడే జానమాజ్ పరిచి, సూర్యుడు మునిగిన వైపు తిరిగి నిలబడకండి. జనవరిలో అక్కడ సూర్యుడు పడమరకు బాగా దక్షిణంగా మునుగుతాడు. కొచ్చి నుంచి ఖిబ్లా (మక్కా ఉన్న దిక్కు) పడమరకు ఉత్తరంగా ఇంచుమించు 22, 23 డిగ్రీలు. మన జిల్లాలో అది 13 డిగ్రీలే. రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. ఫోన్లో దిక్సూచి చూసుకోండి.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న చరిత్ర. మట్టాంచేరి రాజభవనాన్ని పోర్చుగీసువాళ్లు 1555 ప్రాంతంలో కట్టించి కొచ్చి రాజుకు ఇచ్చారు. 1663లో ఊరిని పట్టుకున్న డచ్చివాళ్లు దాన్ని బాగుచేయించారు కనుక డచ్ ప్యాలెస్ అన్న పేరు మిగిలింది. లోపలి గోడల మీద రామాయణ చిత్రాలున్నాయి, తీరిగ్గా చూడండి. మెట్లెక్కాలి, కాబట్టి అత్తమ్మ కింద నీడన కూర్చుంటారో పైకి వస్తారో ఆమెనే తేల్చుకోనివ్వండి. దీనికి శుక్రవారం సెలవు. పక్కనే 1568 నాటి పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉంది. నేల మీద చైనా నుంచి తెప్పించిన నీలి-తెలుపు పలకలున్నాయి, చేత్తో వేసిన బొమ్మలు కావడంతో ఏ రెండూ అచ్చంగా ఒకటిగా ఉండవు. శుక్ర, శనివారాల్లో అది తెరిచి ఉంటుందని లెక్క వేసుకోకండి. అత్తమ్మ లోపలికి రావచ్చా అని మీకు సందేహం రావచ్చు. చూడటానికి వెళ్లడం వేరు, ఇబాదత్ (ఆరాధన) వేరు. అయినా ఆమె మనసొప్పకపోతే బలవంతం చేయకండి. ఆ వీధి నిండా యాలకులు, మిరియాలు, శొంఠి అమ్మే దుకాణాలే. ఆమె కాలక్షేపానికి లోటుండదు. పాత సామాను దుకాణాల్లో మాత్రం పర్సు తీయకండి. అక్కడ పాతవి కొన్ని, పాతగా చేసినవి అనేకం.

కోచంగాడిలో 1520 నాటిదని చెప్పే చెంబిట్టపల్లి మసీదు ఉంది. రాగి రేకుల కప్పు వేయడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. మన కుతుబ్‌షాహీ మసీదులు చూసిన కళ్లకు ముందు అది మసీదులా అనిపించదు. గుమ్మటం లేదు, మినార్లు లేవు, కేరళ ఇంటి పైకప్పులాంటి కప్పు, చెక్క మీద నగిషీలు. వానలు దంచే చోట మసీదు ఎలా ఉండాలో వడ్రంగులు నిర్ణయించారు. మీవారిని జుమాకు అటు పంపండి.

ఫోర్ట్ కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి 1503లో మొదలైంది, భారతదేశంలో యూరోపియన్లు కట్టిన మొదటి చర్చి అదే. 1524లో కొచ్చిలో చనిపోయిన వాస్కో డ గామాను అక్కడే పాతిపెట్టారు. 1539లో అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకెళ్లారు, రాయి మాత్రం ఉంది. మీరు టీచర్, పిల్లలకు పాఠ్యపుస్తకంలోని గామాతో పాటు ఇంకో సంగతి కూడా చెప్పండి. 1502లో అతడు మక్కా నుంచి తిరిగి వస్తున్న మీరి అనే ఓడను మలబారు తీరంలో అడ్డగించి, సరుకు తీసుకుని, మనుషులతో సహా తగలబెట్టించాడు. అందులో వందలమంది యాత్రికులు, స్త్రీలు, పసిపిల్లలు ఉన్నారు. అతనితో వచ్చిన పోర్చుగీసువాళ్లే దీన్ని రాసిపెట్టారు. ఆ రాయి ముందు నిలబడి దారి కనుక్కున్న వీరుడి కథ ఒక్కటే చెప్పి వచ్చేయడం నాకైతే నచ్చదు.

ఒక రోజు పూర్తిగా ఉత్తరం వైపు పెట్టుకోండి. ఫోర్ట్ కొచ్చి నుంచి వాహనాలతో సహా ఎక్కించుకునే పడవ మీద వైపిన్ దీవికి దాటి, అక్కడి నుంచి కారులో కొడుంగల్లూర్ వెళ్లవచ్చు. అక్కడి చేరమాన్ జుమా మసీదు 629లో కట్టిందని, భారతదేశంలో మొదటిదని సంప్రదాయం. చేరమాన్ పెరుమాళ్ అనే రాజు మక్కా వెళ్లి ఇస్లాం స్వీకరించాడన్న కథ దాని వెనుక ఉంది. తేదీని చరిత్రకారులందరూ ఒప్పుకోరు, ఊరు మాత్రం ఒప్పుకుంది. 2016లో ప్రధాని మోదీ సౌదీ రాజుకు ఈ మసీదు నమూనానే బంగారు పూతతో బహూకరించారు. మీ అత్తమ్మ ఈ ప్రయాణానికి ఒప్పుకోవాలంటే రాజభవనం, చర్చి పేర్లు ఎత్తకండి, దీని పేరు చెప్పండి.

తిరుగు దారిలో చెరాయి. పిల్లలు కోరిన అలలు అక్కడ ఉన్నాయి. ఫోర్ట్ కొచ్చి ఒడ్డు కోతకు గురై రాళ్లతో నిండి ఉంటుంది, చీనా వలలను (పెద్ద చేపల వలలు) ఫొటో తీసుకోవడానికి బాగుంటుంది కానీ స్నానానికి పనికిరాదు. చెరాయిలో ఇసుక పొడవుగా, శుభ్రంగా ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక దిగండి, ఒడ్డున కాపలావాళ్లు చెప్పిన హద్దు దాటనివ్వకండి. చెరువులో ఈత వచ్చినవాడికి సముద్రం వచ్చినట్టు కాదు. హౌస్‌బోటు గురించి మీరు అడగలేదు, అడగకపోవడమే మంచిదయింది. ఆలప్పుళ వరకు వెళ్లి రాత్రంతా పడవలో గడపడం మీ ఐదుగురికి ఈసారికి అనవసరమైన ఖర్చు.

మొత్తం మీద చేరిన రోజు ఏమీ పెట్టుకోకండి, ఒక పూట పడవ ఎక్కితే చాలు. మట్టాంచేరికి ఒక రోజు, కొడుంగల్లూర్-చెరాయిలకు ఒక రోజు, శుక్రవారం జుమా, ఫోర్ట్ కొచ్చి వీధులు. రోజుకు ఒక పెద్ద పని, మధ్యాహ్నం పడక. రెండు రోజులే వీలయితే కొచ్చి మానేసి మచిలీపట్నం వెళ్లండి. గోల్కొండ సుల్తానుల ఓడలు ఎర్రసముద్రానికి బయలుదేరిన రేవు అది, మీకు దగ్గర, భాష సమస్య లేదు, మంగినపూడి తీరం ఉంది. కానీ చూడటానికి మిగిలినవి తక్కువ. ఇదే ప్రశ్న పాలమూరు నుంచి వచ్చి ఉంటే కొచ్చి కాదు, కోళికోడ్ చెప్పేవాడిని. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, కర్నూలు మీదుగా మంగళూరు వైపు పోయే రైలు అటుగా వెళ్తుంది.

మీకు మాత్రం శబరి ఎక్స్‌ప్రెస్ ఇంటి ముందు బండి. సికింద్రాబాద్‌లో బయలుదేరి నల్లగొండ, మిర్యాలగూడ, గుంటూరు, తిరుపతి మీదుగా ఎర్నాకుళం టౌన్‌కు రోజూ వెళ్తుంది. ఒక రాత్రి రైల్లో గడుస్తుంది. చిక్కు ఏమిటంటే మీ సంక్రాంతి సెలవులూ శబరిమల మకరజ్యోతీ ఒకే వారంలో పడతాయి. రైలంతా స్వాములే ఉంటారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కనుక జనవరి 10 ప్రయాణానికి నవంబరు 11 పొద్దున్నే కూర్చోవాలి. తిరుగు టికెట్టు 14 లోపు చూడండి. జ్యోతి దర్శనం అయ్యాక ఆ జనమంతా ఒక్కసారి ఉత్తరానికి తిరుగుతారు. దొరకకపోతే ఒక వైపైనా శంషాబాద్ నుంచి విమానం చూడండి, గంటన్నర ప్రయాణం. రైల్లో తిండికి మొదటి పూటకు రొట్టెలు, ఉడికించిన గుడ్లు, సకినాలు చాలు. ప్యాంట్రీ కోడికూర జోలికి పోవద్దు, అది ఎలా కోసిందో చెప్పేవాడు ఉండడు. ఖీమా డబ్బా మాత్రం సర్దకండి. ఎదురు బెర్తులో మాల వేసుకున్న స్వామి ఉంటే ఆయన ముందు మూత తీయడం బాగుండదు. వాళ్లతో అత్తమ్మకు కబుర్లు కలుస్తాయి చూడండి. శబరిమల దారిలో ఎరుమేలిలో వావర్ మసీదుకు వెళ్లి మొక్కుకున్నాకే ముందుకు సాగడం వాళ్ల ఆచారం.

అత్తమ్మ టికెట్టు మీ నలుగురితో కలిపి తీయకండి. పెద్దవాళ్ల కోటాలో కింది బెర్తు కావాలంటే ఆ టికెట్టు మీద కోటాకు అర్హత ఉన్నవాళ్ల పేర్లే ఉండాలి, పిల్లల పేర్లు కలిపితే ఆ కోటా వర్తించదు. కాబట్టి నవంబరు 11న ముందు ఆమె ఒక్కరి టికెట్టు తీయండి, ఆ పెట్టె నంబరు చూసుకుని మిగతా నలుగురివి అదే పెట్టెలో దొరుకుతాయేమో చూడండి.